పండ్రెండేండ్ల పిల్లను కూర్చుండబెట్టవచ్చునా?



మార్కు సువార్త అయిదవ అధ్యాయములోని యాయీరు కుమార్తె సంగతి నీవు అనేక పర్యాయములు చదివియుందువు. ఆమెకు పండ్రెండేండ్లని సువార్తికుడు ప్రత్యేకముగా వ్రాసియున్నాడు. ప్రభువు చేయి పట్టుకొని లేపగా ఆ చిన్నది లేచి నడిచెను. ఆమెకు తినుటకు ఏమైన పెట్టవలెనని ఆయన ఇంటివారికి చెప్పెను. ఈ భాగముపై నేను ఎన్నో ప్రసంగములు చేసితిని. అట్టి నేనే ఒకప్పుడు ఆ ఈడు పిల్లను కూర్చుండబెట్టితిని. ఆ సంగతి నీకు చెప్పవలసియున్నది.

చాల సంవత్సరముల క్రిందట నేను ఎమ్మిగనూరులో పరిచర్య చేయుచుండగా, సంఘములోని ఒక నేతపనివాని కుమార్తె ఖోఖో ఆటలో మిక్కిలి చురుకుగా ఉండెను. బడివారు ఆమెను పొరుగూరి పోటీలకు ఎంచుకొనిరి. తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పాపను పంపమంటారా? మీరెట్ల చెప్తే అట్ల" అనెను. నేను ఒక్క క్షణమైనను ప్రార్థింపలేదు. "ఎందుకప్పా? పెద్దదవుతున్న పిల్ల. నలుగురూ నాలుగు మాటలంటారు. ఇంటిపట్టునే ఉండనీ" అంటిని. మరుసటి వారము నేను వారి యింటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల మగ్గము ప్రక్కన కండెలు చుట్టుచుండెను. తల యెత్తి నన్ను చూడలేదు. నేను దానిని అణకువ అనుకొంటిని.

నా మాటలో ఉన్నదేమి? మర్యాద అని నేను పేరు పెట్టినది నిజముగా మనుష్యుల భయమే. నలుగురి నోళ్లు మూయలేక ఒక పిల్ల కాళ్లు కట్టివేసితిని. ఇది న్యాయమా అని నన్ను నేను అడుగుకొనుటకు చాల కాలము పట్టెను.

ఆడపిల్ల దేహము ఆటలకు తగినది కాదని కొందరందురు. లోకమంతయు ఒకప్పుడు ఆ మాటే అనెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టిరి. అది వారి బలమునకు మించినదని తలంచి తీసివేసి, 1960లో రోములో గాని మరల పెట్టలేదు. 1984లో అదే క్రీడలలో స్త్రీలు మారథాన్ పరుగెత్తిరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో రెండు విధములుగా మొత్తము 240 కిలోల బరువు నెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఆయెను.

అంత దూరము పోనేల? మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనే చూడుము. బిందెతో నీళ్లు మోయుటకు ఆడపిల్ల నడుము చాలును. ఎండలో పత్తి తీయుటకు ఆమె చేతులు చాలును. విత్తనపు పత్తి చేలలో పువ్వు పువ్వుకు పుప్పొడి అద్దు పనికి ముఖ్యముగా ఆడపిల్లలనే పెట్టుకొనుట మన జిల్లాలో ఏండ్ల తరబడి సాగినది. అప్పుడెవరును ఆమె దేహము బలహీనమని అనలేదు. ఇతరులకు లాభము కలిగినప్పుడు బలమైనది, తాను సంతోషించునప్పుడు బలహీనమైనది ఎట్లగును?

దేహసాధన వలన లాభము కొంచెమే అని పౌలు తిమోతికి వ్రాయలేదా అని నీవు అడుగవచ్చును. వ్రాసెను. కొంచెమే అనెను గాని, లేదనలేదు. ఆ అపొస్తలుడే దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని కొరింథీయులకు బోధించెను. ఆలయమును బాగుగా ఉంచుకొను బాధ్యత కుమారునికి ఉండి కుమార్తెకు లేకపోవునా? 5 ఏండ్లు మొదలు 17 ఏండ్ల వరకు ఉన్న పిల్లలందరు దినమునకు సగటున 60 నిమిషములైనను చురుకుగా ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆడపిల్లలను అది మినహాయింపలేదు. మన దేశములో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలలో సగమునకు పైగా రక్తహీనతతో ఉన్నారు. అందరు తిన్న తరువాత మిగిలినది తిను పిల్ల ఎట్లు పరుగెత్తును? తినుటకు పెట్టవలెనన్న ప్రభువు మాట మన వంటయింటికి కూడ చెందినదే.

ఇక ఒక భయము న్యాయమైనది. చీకటి పడిన తరువాత దారి, మరుగుదొడ్డి లేని మైదానము, నేర్పువాని నడవడి—వీటిని గూర్చి తలిదండ్రులు జాగ్రత్తపడుట తప్పు కాదు. అయితే దారి చెడ్డదైనప్పుడు బాగుచేయవలసినది దారిని గాని, పిల్లను ఇంట మూయుట కాదు.

లోకుల మాటల విషయము చూడుము. వరంగల్ జిల్లా కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తి మందబుద్ధి గలదని ఊరివారు ఎగతాళి చేసిరి. కూలిపని చేయు తలిదండ్రులు ఆమెను విడువలేదు. 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగులో ఆమె కంచు పతకము పొందెను. మన రాయలసీమలోనే, కడప జిల్లా పల్లెబిడ్డ శ్రీచరణి 2025లో క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో ఆడెను. అయితే అందరు ఆడపిల్లలు పతకములు తేనక్కరలేదు. ఓడిపోయి మరునాడు మరల మైదానమునకు వచ్చుట, తోటివారితో కలిసి నిలుచుట, తన మాట తాను చెప్పుట—ఇవి నేర్చుకొనిన చాలును.

ఖోఖో ఆటను ఎప్పుడైన నిదానముగా చూచితివా? ఎనిమిదిమంది వరుసగా కూర్చుందురు. తరుముచున్నది వెనుకనుండి తట్టి ఒక్క మాట పలుకగానే కూర్చున్నది లేచి పరుగెత్తును. ఆ ఆటలో 2025లో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ కప్పును మన దేశపు స్త్రీలు గెలుచుకొనిరి. ఆ వార్త చదివినప్పుడు నేను కూర్చుండబెట్టిన పిల్ల నాకు జ్ఞాపకము వచ్చెను.

కొంతకాలమునకు ఆదోనిలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక స్త్రీ తన కుమార్తెతో నాయెదుట నిలిచెను. ఆమెయే. "అయ్యగారూ, అప్పుడు నన్ను వద్దంటిరి. ఇది మా పాప. బడిలో ఖోఖోకు పిలిచినారు. ఇప్పుడేమంటారు?" అని అడిగెను.

"అమ్మా, ఆనాడు తప్పు చెప్పితిని. నన్ను క్షమించు. పాపను పంపు" అంటిని.

"క్షమించేదానికేముందిలే అయ్యగారూ. సాయంత్రం తోడుకొని వచ్చేవాళ్లు లేరు. నేను మిల్లులో పని ముగించేసరికి చీకటైతుంది. దానికేమన్నా దారి చూడండి" అనెను.

ఆమె అడిగినది పశ్చాత్తాపము కాదు, తోడు. ఆ వారమే నా భార్యయు, స్త్రీల సమాజములోని మరి ఇద్దరును వంతులు వేసుకొనిరి. శనివారము వంతు నాది. నేను గట్టుమీద కూర్చుండి ఆ పిల్లలు ఆడుట చూచుచుందును.

చదువరీ, నీ యింటను, నీ వీధిలోను, నీ సంఘములోను పండ్రెండేండ్ల పిల్ల ఉన్నది. ఈ సంవత్సరము ఆమె ఆట మానినదా? ఎందుకు మానినదో ఆమెనే అడుగుము. తోడు లేకయైతే తోడు వెళ్లుము. ఆకలియైతే ముందుగా ఆమెకు వడ్డించుము. నీ మాటయే కారణమైతే, నావలె ఆలస్యము చేయక, ఆ మాట వెనుకకు తీసుకొనుము. చిన్నదాని చేయి పట్టి లేపిన ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.