పద్దు రాసే చేయి

దుమ్ముగూడెం మండలంలో పొదుపు సంఘం సమావేశమంటే, నాలుగక్షరాలు వచ్చిన అమ్మాయి చాప మీద పాస్‌బుక్కులు ముందేసుకుని, ఎవరి కిస్తీ ఎంతో పైకి చదువుతూ పద్దు రాస్తుంది. ఆ నేర్పును మనం లెక్కలోకి తీసుకోం. తీసుకోవాలి.

బ్యాంకు లెక్కల్లో ఎంత ఎత్తుకు ఎదగవచ్చో తెలియాలంటే చుండూరు పద్మజ గారిని చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.కాం. చదివి, 1984లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరారు. అమెరికాలో ఆ బ్యాంకు వ్యవహారాలు నడిపారు. 2018లో ఇండియన్ బ్యాంకు ఎం.డి. అయ్యారు. 2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, 1865 నాటి అలహాబాద్ బ్యాంకు వచ్చి ఇండియన్ బ్యాంకులో కలిసింది. రెండు చోట్ల సిబ్బంది, రెండు కంప్యూటర్ వ్యవస్థలు, కోట్ల మంది ఖాతాదారులు. జనం గడప దాటలేని రోజుల్లో ఆ విలీనాన్ని ఒడ్డుకు చేర్చిన బృందానికి ఆమే పెద్ద. హోదా కన్నా ఆ ఓర్పే నాకు గొప్పగా తోస్తుంది. 2021లో, షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ పగ్గాలు అందుకున్నారు.

ఆమె ఎక్కిన ఆ మొదటి మెట్టుకు దారి ఇప్పటికీ ఉంది, ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్ష. ఏ డిగ్రీ అయినా చాలు. గిరిజన అభ్యర్థులకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది. అమ్మల్లారా, అయ్యల్లారా, డిగ్రీ పూర్తయిన ఆడపిల్ల మీ ఇంట ఉంటే, పెళ్లి మాట కాస్త ఆపి, ఆ పరీక్షకు దరఖాస్తు పెట్టించండి.