తగ్గిందా?

పెట్ సీటీ రిపోర్టు చేతికొచ్చాక దాన్ని మొదటి పేజీ నుంచి ఎవరూ చదవరు. తిన్నగా చివరికి వెళ్తారు. అక్కడ ‘ఇంప్రెషన్’ అన్న మాట కింద రెండు మూడు వాక్యాలుంటాయి. నాలుక, గొంతు, దవడ, స్వరపేటిక, వీటిల్లో దేనికి కేన్సర్ వచ్చినా డాక్టర్లు ‘హెడ్ అండ్ నెక్’ అనే ఒకే పద్దులో రాస్తారు. వాళ్లకి రేడియేషనూ కీమో అయిపోయిన మూడు నెలలకి ఈ స్కాన్ తీస్తారు. ఆ చివరి వాక్యాలు రెండే రకాలుగా ఉంటాయని బయటివాళ్లం అనుకుంటాం: జబ్బు పోయింది, లేదా ఇంకా ఉంది. కానీ మూడో రకం ఒకటుంది. ఫలానా చోట కొంచెం చురుకు కనిపిస్తోంది, అది చికిత్స వల్ల వచ్చిన వాపు కావచ్చు, మిగిలిపోయిన జబ్బూ కావచ్చు, కొన్ని వారాలాగి మళ్లీ తీయించండి.

ఆ కాగితంతో ఇంటికొచ్చిన మనిషిని అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. “తగ్గిందా?”

దీనికి “తెలీదు” అన్నదే నిజమైన జవాబైనప్పుడు ఆ జవాబు పట్టుకుని బతకడం ఎలా? అంతకంటే ముందు, ఆ జవాబు ఎవరిది?

ఈ తెలియకపోవడం ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. చాలామంది డాక్టరు ఏదో దాస్తున్నాడనుకుంటారు, లేదా మిషన్ మంచిది కాదేమో, ఇంకో ఊళ్లో తీయిద్దాం అంటారు. పెట్ స్కాన్‌లో ఒంట్లోకి ఎక్కించేది రేడియోధార్మికత కలిపిన ఒక రకం చక్కెర. కేన్సర్ కణాలు చక్కెరని విపరీతంగా లాక్కుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బుర్గ్ 1920ల్లోనే గమనించాడు. తెర మీద వెలుగుగా కనిపించేది ఆ ఆకలే. చిక్కేమిటంటే, దెబ్బతిన్న చోటికి మరమ్మతు కోసం చేరే కణాలకీ అదే ఆకలి. రేడియేషన్‌కి కమిలిన గొంతులో ఆ మరమ్మతు నెలల తరబడి సాగుతుంది. మానుతున్న చోటూ జబ్బున్న చోటూ ఒకేలా వెలుగుతాయి. అందుకే చికిత్స అయ్యాక 12 వారాలు ఆగి తీస్తారు. అయినా కొందరిలో తేలదు. పోనీ ముక్క తీసి పరీక్ష చేద్దామంటే, రేడియేషన్ తగిలిన కండ అంత తొందరగా మానదు. పైగా తీసిన ముక్కలో లేనంత మాత్రాన దాని పక్కన లేదని చెప్పలేం.

ఇంత తంటా ఎందుకు, అనుమానం ఉన్నా లేకపోయినా కోసేస్తే పోదా? ఒకప్పుడు అలా చేసినవాళ్లున్నారు. జబ్బు మెడ గడ్డలకి పాకినవాళ్లకి, కీమో రేడియేషన్ అయ్యాక, ఎందుకైనా మంచిదని మెడకి ఆపరేషన్ చేసేవాళ్లు. బ్రిటన్‌లో 564 మందితో చేసిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2016లో వచ్చాయి. సగం మందికి ఆ పద్ధతిలోనే ఆపరేషన్ అనుకున్నారు. మిగతా సగానికి 12 వారాలకి స్కాన్ తీసి, జబ్బు పూర్తిగా పోనివాళ్లకీ తేలనివాళ్లకీ మాత్రమే ఆపరేషన్ అన్నారు. మొదటి గుంపులో 221 ఆపరేషన్లు జరిగాయి, రెండో గుంపులో 54. రెండేళ్ల తర్వాత బతికున్నవాళ్ల లెక్కలో రెండో గుంపు మొదటిదానికి ఏమీ తీసిపోలేదు. అంటే ‘ఎందుకైనా మంచిది’ అన్న ఆ భరోసాకి మెడ మీద కోతతో, పట్టేసిన భుజంతో ఖరీదు కట్టినవాళ్లలో చాలామందికి అది అక్కర్లేదు. ఆగి చూడటం అనే పద్ధతి వైద్యం చేతకాక పుట్టింది కాదు.

ఆ “తెలీదు” పూర్తిగా ఖాళీ మాట కూడా కాదు. మన న్యాయశాస్త్రం చెప్పే 16 పదార్థాల్లో మూడోది సంశయం. దానికి వాళ్లిచ్చే ఉదాహరణ ప్రసిద్ధమైనదే. మసక వెలుతుర్లో దూరంగా నిలువుగా ఏదో కనబడుతోంది. మోడా, మనిషా? ఆ ఎత్తూ ఆ నిలువూ రెండిటికీ ఉండేవే. చేతులో, కాళ్లో, లేకపోతే చెట్టు తొర్రో కనబడేదాకా తేలదు. రెండిటికీ ఉమ్మడి లక్షణం కనిపించి, వేరుచేసే గుర్తు ఇంకా కనబడకపోవడమే సంశయం. రిపోర్టులోని మూడో వాక్యం సరిగ్గా ఇదే. చక్కెర ఆకలి ఉమ్మడి లక్షణం. వేరుచేసే గుర్తు కాలం గడిస్తేగానీ రాదు: వాపైతే మెల్లగా చల్లారుతుంది, జబ్బైతే పెరుగుతుంది.

సంశయం అజ్ఞానమూ కాదు, భ్రమా కాదు. తాడుని చూసి పామనుకున్నవాడికి ఏ అనుమానమూ లేదు, వాడు ఖాయంగానే ఉన్నాడు, అదే వాడి చిక్కు. “ఏం కాదు, అంతా బావుంది” అనే చుట్టాలూ, “మళ్లీ వచ్చేసింది, నాకు తెలుసు” అని అర్ధరాత్రి లేచి కూర్చునే మన లోపలి మనిషీ, ఇద్దరూ తాడు దగ్గరే ఉన్నారు. ఒకరు చూడకుండానే తాడంటున్నారు, ఇంకొకరు పామంటున్నారు. మోడో మనిషో ఇంకా తెలీదని ఒప్పుకుని నిలబడ్డవాడే ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తున్నాడు.

కానీ అలా నిలబడటానికి మనకి కథలు లేవు. పరీక్షిత్తుకి ఏడు రోజులని తెలుసు. తెలుసు కాబట్టే ఆ ఏడు రోజులకి ఒక ఆకారం వచ్చింది, కూర్చుని భాగవతం విన్నాడు. మార్కండేయుడికి 16వ ఏట గండం, అది తప్పింది, ఇక ఎప్పటికీ రాదు. అంటే గండానికీ ఒక తారీఖుంటుంది. అది గడిచిందంటే గడిచినట్టే. కేన్సర్ ఫాలోఅప్ అలా గడవదు. మొదటి రెండేళ్లలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి నెలకో మూణ్ణెల్లకో ఒకసారి రమ్మంటారు, తర్వాత ఎడం పెంచుతారు, అయిదేళ్లు దాటితే ఏడాదికోసారి. ప్రతిసారీ మార్కండేయుడు మళ్లీ గుడి తలుపు తట్టాల్సిందే.

మన కథల్లో లేనిది మన మాటలో ఉంది. జ్వరం పోతే మనం “తగ్గింది” అంటాం. పోయిందనో, అయిపోయిందనో సాధారణంగా అనం. తగ్గడమంటే తక్కువ కావడం, అంతే. ఉన్నది ఎంత తక్కువైందో, మళ్లీ పెరుగుతుందో ఆ మాట హామీ ఇవ్వదు. పూర్తిగా నయమవడానికి కూడా ఇదే మాట వాడీ వాడీ, అందులోని జాగ్రత్తని మనం వినడం మానేశాం. “తగ్గిందా?” అని అడిగి, “పూర్తిగా పోయింది” అన్న జవాబు కోసం మొహంలోకి చూస్తాం.

మా బాబాయికి నాలుక మీద వచ్చింది. చికిత్స తర్వాత మొదటి స్కాన్ ఈ మూడో రకంగానే వచ్చింది, ఎనిమిది వారాలాగి మళ్లీ రమ్మన్నారు. ఆ సాయంత్రం ఫోన్లు మొదలయ్యాయి. పిన్ని ఆయన పక్కనే కూర్చుని ప్రతివాళ్లకీ, “అంతా బావుందన్నారండీ, ఏం భయం లేదన్నారు” అని చెప్తోంది. నాలుగో ఫోనో అయిదో ఫోనో పెట్టేశాక బాబాయి, రేడియేషన్ వల్ల ముద్దగా వచ్చే ఆ మాటతోనే, “బావుందనలేదే. చూద్దామన్నారు” అన్నాడు. పిన్ని ఏడ్చింది. తనేం అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఫోనులో అవతలివాళ్లు ఆ మాట కోసం ఎదురుచూస్తుంటే ఇవ్వకుండా ఉండలేకపోయింది. ఆ రాత్రి నుంచి ఫోన్లు ఆయనే తీసుకున్నాడు. “ఇంకో ఎనిమిది వారాలకి చెప్తారట. మీవాడి ఇంటర్వ్యూ ఏమైంది?” అని వెంటనే మాట మార్చేసేవాడు.

ఆ తర్వాత ఏం తేలిందో ఇక్కడ చెప్పడం లేదు. ఫలితం చెప్పేస్తే, మంచిదైతే ఆయనది ధైర్యమనీ, చెడ్డదైతే అమాయకత్వమనీ అనేస్తాం. ఆ ఎనిమిది వారాలూ ఆయన ఫలితం తెలియకుండానే బతికాడు. ఆ బతకడాన్ని ఆ వారాల్లోనే ఉంచి చూడాలి.

పిన్ని చేసిన పనికి మన పురాణంలోనే పెద్ద పూర్వరంగం ఉంది. సత్యవంతుడికి ఏడాదే ఆయుష్షని సావిత్రికి తెలుసు, సత్యవంతుడికి తెలీదు. ఆ ఏడాదంతా ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంది, ఆయన కట్టెలు కొట్టుకున్నాడు. మనం ఆవిడ ప్రేమనే తలుచుకుంటాం. తెలుసుకునే అవకాశం ఉంటే ఆ ఏడాదిని సత్యవంతుడు ఎలా గడిపేవాడో ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నని గట్టిగా అడిగిన రోగి ఒకాయనున్నాడు, సిగ్మండ్ ఫ్రాయిడ్. 1923లో ఆయన అంగిలి మీద, కుడివైపు, ఒక పుండు బయటపడింది. (ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పుని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకి కేన్సర్ వచ్చేదీ ఎక్కువగా అంగిలి మీదే.) దాన్ని చూసిన డాక్టరు మిత్రుడు ఫెలిక్స్ డాయిష్, అది కేన్సరని పోల్చుకుని కూడా, కేన్సర్ కాని తెల్లమచ్చ అని చెప్పాడు. దగ్గరివాళ్లు కూడా దాచడానికే ఒప్పుకున్నారు. ఈ సంగతి ఏళ్ల తర్వాత తెలిసినప్పుడు, అలా చేసే హక్కు వాళ్లకెవరిచ్చారని ఫ్రాయిడ్ మండిపడ్డాడని ఆయన జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్ చెప్తాడు.

అదే ఏడాది అక్టోబరులో హాన్స్ పిఖ్లర్ అనే సర్జన్ పై దవడలో కొంత, అంగిలిలో కొంత తీసేసి, ఆ ఖాళీలో ఒక కట్టుడు దవడ అమర్చాడు. అసలు కథ ఆ తర్వాతే. పదమూడేళ్ల పాటు నోట్లో మళ్లీ మళ్లీ అనుమానపు మచ్చలు వచ్చేవి. పిఖ్లర్ వాటిని కోయడమో కాల్చడమో చేసేవాడు. కేన్సర్ కాదని తేలేది. 1936లో మాత్రం కేన్సరేనని తేలింది. మొత్తం 16 ఏళ్లలో 30కి పైగా ఆపరేషన్లు. అన్నిసార్లు కాదని తేలింది కదా అని తర్వాతి మచ్చని తేలిగ్గా తీసుకునే వీల్లేదు. ఒకసారి అయింది కదా అని ప్రతి మచ్చనీ చావు కబురనుకుంటే బతకడానికి వీల్లేదు. ఆ మధ్య సందులోనే ఆయన 1926లో ఆందోళన మీద పుస్తకం రాశాడు. భయానికి ఒక వస్తువుంటుంది, ఆందోళనకి ఇదీ అని చెప్పుకునే వస్తువుండదు అని అందులో తేడా చూపించాడు.

ఆయన్ని ఆదర్శ రోగిని చెయ్యక్కర్లేదు. అంత జరిగినా చుట్టలు మానలేదు. కానీ 1920ల చివర్లో మాక్స్ షుర్ అనే కుర్ర డాక్టర్ని పెట్టుకుంటూ ఆయన అడిగిన మొదటి మాట, ఎప్పుడూ తనకి నిజమే చెప్పాలని. మంచి వార్త కావాలని అడగలేదు. వార్త ఏదైనా ముందు తనకి చేరాలన్నాడు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. అందరూ ఫ్రాయిడ్‌లా అడగరు. “నాకేం చెప్పొద్దు, మా అబ్బాయితో మాట్లాడండి” అనే పెద్దవాళ్లు మన ఆస్పత్రుల్లో రోజూ కనబడతారు. వాళ్లని కూర్చోబెట్టి సంశయం గురించి చెప్పడం క్రూరత్వమే. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా రోగిదే. అయితే ఆ హక్కుని ఆయన వాడుకోవడం వేరు, ఆయన్ని అడక్కుండానే ఆయన తరఫున మనం వాడేయడం వేరు. “డాక్టరు చెప్పింది నీకెంతవరకు చెప్పమంటావు?” అని ఒకసారి అడిగితే చాలు, చాలావరకు దారి దొరుకుతుంది.

పైగా ఈ జబ్బులో దాచడం అనుకున్నంత సులువు కాదు. పొట్టలో ఉన్న గడ్డని రోజంతా మర్చిపోవచ్చునేమో, నోటినీ గొంతునీ మర్చిపోలేం. ఎండిపోయిన నోరు, మింగేటప్పుడు పట్టేయడం, బొంగురు గొంతు, చెవిలోకి పాకే నొప్పి, ఇవన్నీ చికిత్స మిగిల్చిన బాధలు కావచ్చు, జబ్బు తిరగబెట్టిన గుర్తులూ కావచ్చు. ఆయన గుటక వేసిన ప్రతిసారీ ఒక పరీక్ష జరుగుతూనే ఉంటుంది. “ఏం లేదు, అంతా బావుంది” అని మనం అన్నప్పుడు ఆ అనుమానం ఆయనకి పోదు. దాని గురించి మనతో మాట్లాడే వీలు మాత్రం పోతుంది.

“పాజిటివ్‌గా ఉండు” అన్న సలహా కూడా అక్కడికే చేరుస్తుంది. గొంతులో వాపు చల్లారేదీ లేనిదీ మనిషి ఆశ మీద ఆధారపడినట్టు మాట్లాడితే, రేపు ఫలితం బాగా రాకపోతే ఆ తప్పూ ఆయన నెత్తినే పడుతుంది. గుట్కా తిన్నావనో సిగరెట్లు కాల్చావనో మొదట ఒకసారి వేసిన నింద చాలదన్నట్టు.

మరి చేయగలిగిందేమిటి? ఫ్రాయిడ్ చూపించిన తేడానే పనికొస్తుంది: వస్తువు లేని ఆందోళనకి వీలైనంతవరకు ఒక వస్తువునివ్వడం. తర్వాతి స్కాన్ ఏ తారీఖున, ఈలోగా ఏ గుర్తు కనబడితే ఆ తారీఖు దాకా ఆగకూడదు, అప్పుడు ఏ నంబరుకి ఫోన్ చేయాలి. ఈ మూడూ డాక్టర్ని అడిగి ఒక కాగితం మీద రాసుకుంటే, మిగతా రోజుల్లో కాపలా కాయాల్సిన పని కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు, తగ్గుతుంది, ఆ మాటకున్న అసలు అర్థంలో.

చుట్టూ ఉన్నవాళ్లం చేయగలిగింది ఇంకా చిన్నది. “తగ్గిందా?” బదులు “డాక్టరేమన్నారు?” అని అడగొచ్చు. మొదటి ప్రశ్నకి “తెలీదు” అంటే మనల్ని నిరాశపరిచినట్టు ఉంటుంది. రెండోదానికి “ఇంకా తెలీదన్నారు” అన్నది పూర్తి జవాబే. అది విన్నాక ఓదార్పు వెతుక్కోనక్కర్లేదు. ఎనిమిది వారాల తర్వాత స్కాన్‌కి తోడెవరు వెళ్తున్నారో కనుక్కుని, ఎవరూ లేకపోతే ఆ రోజుకి సెలవు పెట్టుకుంటే చాలు.