పళ్ళెంలో ముద్దకీ, పైనున్న మబ్బుకీ సంబంధం ఏమిటి?

 

ఈ వారం ప్రవచనంలో ఆహార నియమాల గురించి చెప్పుకున్నాం. సమయం చాలక కొన్ని మాటలు మిగిలిపోయాయి. అవి ఇక్కడ నెమ్మదిగా చెప్పుకుందాం. విషయం కొంచెం సున్నితమైనది. మాంసాహారం, దానివల్ల వాతావరణానికి జరుగుతున్న కీడు.

ముందే ఒక మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 98 మంది మాంసం తినేవాళ్ళేనని 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే చెప్పింది. అంటే ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఆదివారం వస్తే మాంసం వండుతారు. వాళ్ళని పాపులని తిట్టడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. తిట్టేవాడి మాట ఎవరు వింటారు చెప్పండి? శాస్త్రం ఏం చెప్పింది, సైన్సు ఏం చెబుతోంది, మనం ఏం చేయగలం, ఇంతవరకే.

భగవద్గీత మూడో అధ్యాయంలో స్వామి ఒక చక్రం గురించి చెప్పాడు. ప్రాణులు అన్నం వల్ల పుడుతున్నాయి, అన్నం వాన వల్ల, వాన యజ్ఞం వల్ల, యజ్ఞం మనిషి చేసే కర్మ వల్ల. ఈ చక్రాన్ని తిప్పడంలో తన వంతు చేయకుండా ఇంద్రియ సుఖాలతోనే కాలం గడిపేవాడి బతుకు వ్యర్థం అన్నాడు. చాలామంది దీన్ని హోమం చేస్తే వాన పడుతుంది అన్నంతవరకే అర్థం చేసుకుంటారు. ఇంకొంచెం లోతుకి వెళ్ళండి. మనిషి కర్మకీ, ఆకాశంలో మబ్బుకీ లంకె ఉంది అంటున్నాడు స్వామి. మన కర్మ బాగుంటే చక్రం సాఫీగా తిరుగుతుంది. గతి తప్పితే చక్రమూ గతి తప్పుతుంది.

మరి పళ్ళెంలో ముద్ద పైనున్న మబ్బుని ఎలా తాకుతుంది?

ఆవు, గేదె, మేక, గొర్రె ఇవన్నీ నెమరువేసే జంతువులు. గడ్డి వాటి పొట్టలో పులిసేటప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. చాలావరకు త్రేన్పుల ద్వారా బయటికి వస్తుంది. ఒక వందేళ్ళ లెక్కలో చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇందులో జంతువు తప్పేముంది? దానికి భగవంతుడిచ్చిన స్వభావం అది. కానీ మన నాలుక కోసం కోట్లకు కోట్లు జీవాలను పుట్టించి, పెంచి, కోస్తున్నది మనం.

రెండోది భూమి. జంతువుకి మేత కావాలి కదా. ప్రపంచంలో పండే సోయాలో ఎక్కువ భాగం మనుషులు తినడానికి కాదు, కోళ్ళకీ పందులకీ దాణాగా పోతోంది. దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవి నరికివేతకు అతి పెద్ద కారణం పశువుల మేత భూములే. 119 దేశాల్లోని దాదాపు 38 వేల వ్యవసాయ క్షేత్రాల సమాచారంతో 2018లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. లోకంలోని వ్యవసాయ భూమిలో నూటికి 83 పాళ్ళు మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకానికే పోతోందనీ, మనుషులకి అందే శక్తిలో వాటి వంతు 18 పాళ్ళేననీ అందులో తేలింది. ఎంత పెడుతున్నాం, ఎంత తీసుకుంటున్నాం! ఇంట్లో ఎవరైనా ఇలా ఖర్చు చేస్తే ఊరుకుంటామా?

అదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది. 100 గ్రాముల మాంసకృత్తులు మన ఒంటికి అందాలంటే, ప్రపంచ సగటున, మాంసం కోసమే పెంచే పశువుల మాంసంతో 50 కిలోల వరకు, గొర్రె మాంసంతో 20 కిలోల వరకు, కోడి మాంసంతో 6 కిలోల వరకు వేడి పెంచే వాయువులు గాలిలో కలుస్తాయి. అదే పప్పుధాన్యాలతో అయితే ఒక కిలో లోపే. మన అమ్మమ్మలు రోజూ పొయ్యి మీద పెట్టిన కందిపప్పుకి ఇంత విలువ ఉంది!

మొత్తం మీద మనుషుల వల్ల గాలిలో చేరే వేడి వాయువుల్లో పశుపోషణ వాటా 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో చెప్పింది. 2023లో కొత్తగా లెక్కగట్టి సుమారు 12 శాతం అంది. ఏ లెక్క తీసుకున్నా చిన్నదేమీ కాదు.

ఇక్కడ శాకాహారులు "మేము తినం కదా, మాకేం సంబంధం లేదు" అని కాలరు ఎగరేయకండి. ఆ లెక్కలో పాలూ ఉన్నాయి. మనం పోసుకునే నెయ్యి, పెళ్ళిలో వడ్డించే పనీరు కూడా గేదె పొట్టలోంచి వచ్చే మీథేన్‌తో ముడిపడ్డవే. పైగా మాంసం మానేసి, రెండు వీధుల అవతలున్న గుడికి కారులో వెళ్తే ఏం లాభం? బొగ్గు, పెట్రోలు చేసే కీడు పశువుల కంటే చాలా ఎక్కువ. నిజం చెప్పాలంటే సగటు అమెరికా పౌరుడు ఏడాదికి తినే మాంసంలో మన దేశంలో సగటు మనిషి తినేది చాలా చిన్న వంతు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు ఈ మాట కొంచెం ఎక్కువ శ్రద్ధగా వినాలి.

మరి తప్పెవరిది? ఈ ప్రశ్నకి మహాభారతంలో జవాబుంది. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ గుర్తు చేసుకోండి. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం వల్లిస్తుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, అది చచ్చి పడింది. తరవాత భిక్షకి వెళ్తే, భర్తకి సేవ చేస్తూ ఆలస్యంగా వచ్చిన ఇల్లాలి మీదా కళ్ళెర్రజేశాడు. "నేను కొంగని కాదు స్వామీ" అంది ఆ తల్లి. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకి వెళ్ళి ధర్మవ్యాధుణ్ణి అడగమంది. వెళ్ళి చూస్తే ఆయన మాంసం కొట్లో కూర్చుని ఉన్నాడు! వేదం చదివినవాడికి మాంసం అమ్మేవాడు గురువయ్యాడు.

ఆ ధర్మవ్యాధుడు ఏమన్నాడు? తాను చంపననీ, ఇతరులు చంపి తెచ్చింది అమ్ముతాననీ, తాను మాత్రం తిననని చెప్పాడు. అంతటితో తాను శుద్ధుణ్ణని గొప్పలు పోలేదు. నాగలి దున్నితే మట్టిలో ఎన్ని పురుగులు చస్తాయో చూడమన్నాడు. ధాన్యంలోనూ జీవం ఉందన్నాడు. అహింసనే నమ్ముకున్న మునుల వల్ల కూడా హింస జరుగుతూనే ఉంటుంది, కాకపోతే ప్రయత్నం వల్ల అది తగ్గుతుంది అన్నాడు. ఈ ఒక్క మాట పట్టుకోండి. "పూర్తిగా మానలేను కాబట్టి అసలేమీ చేయను" అనేది సోమరి మాట. "నేను పూర్తిగా మానేశాను కాబట్టి నువ్వు పాపివి" అనేది కౌశికుడి అహంకారం. ప్రయత్నిస్తే తగ్గుతుంది అన్నది ధర్మం.

"మరి కన్నప్ప శివుడికి మాంసమే పెట్టాడు కదండీ?" అని కొందరు అడుగుతారు. పెట్టాడు, స్వామి పుచ్చుకున్నాడు. తిన్నడు అడవిలో పుట్టిన బోయ, తన దగ్గర ఉన్నదాంట్లో మేలైనది తెచ్చి పెట్టాడు. ఆ తరవాత తన కన్నే పీకి ఇచ్చాడు. శ్రీకాళహస్తిలో మనం దండం పెట్టేది ఆ ప్రేమకి. కన్నిచ్చినవాడి పేరు చెప్పి బిర్యానీ కోసం వాదించడం న్యాయమా? భగవంతుడి కోసం ఆయన కన్ను వదిలాడు, మనం వారానికి ఒక్క ముక్క వదలలేమా?

అనుశాసన పర్వంలో భీష్ముడు ఇంకో మాట చెప్పాడు. కొనేవాడు డబ్బుతో చంపుతాడు, తినేవాడు అనుభవించి చంపుతాడు, కోసేవాడు చేత్తో చంపుతాడు. ముగ్గురూ భాగస్థులే. ఈ రోజు ఆ భాగం జంతువు దగ్గర ఆగడం లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచుతుంది. అందుకే పడితే కుండపోత, లేకపోతే ఎండ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. ఒక్క తుఫానుకి ఒక్క కారణం అంటగట్టకూడదు, అది నిజం కాదు. కానీ భూమి వేడెక్కే కొద్దీ ఇలాంటి కుండపోతలు పెరుగుతాయని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. తినేది ఒకచోట ఉన్నవాడు, తడిసేది ఇంకోచోట కౌలురైతు ధాన్యం. అతను ఏ పండక్కో తప్ప మాంసం ముట్టనివాడే కావచ్చు. ఈ కర్మలో బరువైన సంగతి ఇదే.

ఒక ఊరట కూడా ఉంది. మీథేన్ గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్ళు. బొగ్గుపులుసు వాయువులా వందల ఏళ్ళు నిలవ ఉండదు. అంటే ఈ రోజు తగ్గిస్తే మన కళ్ళ ముందే, మన పిల్లల చిన్నతనంలోనే ఫలితం కనబడుతుంది.

ఎలా తగ్గించాలి? కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. మన పెద్దలు పంచాంగంలోనే పెట్టారు. కార్తీకమాసం నెల్లాళ్ళు ముట్టని ఇళ్ళు ఎన్ని లేవు? సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి అని మానేవాళ్ళు లేరా? అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు చుక్కా ముక్కా రెండూ బంద్. అప్పుడు ఎవరైనా నీరసించి పడిపోయారా? కనుమ నాడు మినుములు తినాలన్నది మన ఆచారం. గారెలు మినుముల బలమే కదా! రుచికి లోటేముంది?

కాబట్టి ఈ వారం ఒక చిన్న సంకల్పం చేసుకోండి. మీరు ఇప్పటికే పాటిస్తున్న వారానికి ఇంకొక్క రోజు కలపండి. ఆ రోజు పప్పో, అలసందలో, శనగలో వండుకోండి. పెళ్ళిలో, ఫంక్షన్‌లో తినగలిగినంతే వడ్డించుకోండి. ఆకులో పారేసిన ముక్క కోసం ఒక ప్రాణం ఉత్తినే పోయింది. శాకాహారులు పాలు, నెయ్యి వృథా చేయకండి. తిన్న కంచం దగ్గర ఎవరినీ నొప్పించకండి. పేద ఇంటి పిల్లవాడికి బడిలో పెట్టే కోడిగుడ్డు మీద, డాక్టరు తినమన్న రోగి మీద మన ఉపన్యాసాలు వద్దు. నియమం మన నాలుకకి పెట్టుకోవాలి, పక్కవాడి నాలుకకి కాదు.

ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగి, దీని వెనక ఏ వాన ఉంది, ఏ నేల ఉంది, ఏ ప్రాణం ఉంది అని తలుచుకోండి. స్వామి చెప్పిన ఆ చక్రంలో మన చెయ్యి కూడా ఒకటి పడుతుంది.

ఆ పరమాత్మ అందరికీ సకాలంలో వాన, కడుపునిండా అన్నం ప్రసాదించుగాక. శుభం భూయాత్. ఓం శాంతిః శాంతిః శాంతిః.