కొత్త తినకముందు

మాది కొత్తవలస. ఈ పేరు చెప్పగానే అందరూ కేకే లైను మొదలయ్యే రైల్వే జంక్షన్ అనుకుంటారు. అది కాదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు కొత్తవలసలు చాలా ఉన్నాయి. నాలుగు కుటుంబాలు ఎక్కడినుంచో కదిలొచ్చి, పొదలు కొట్టి, ఇళ్లు వేసుకున్న చోటల్లా ఒక వలస వెలిసింది. మాది కొండ పాదాన ఉన్న చిన్న జాతాపుల ఊరు. ఊరి బడిలో మాస్టారిని నేనే. ఎకరంన్నర మెట్ట, కొండమీద కొంత పోడు, పదిహేను జీడిచెట్లు, ఒక చింతచెట్టు మాకున్న ఆస్తి. జీతం వస్తున్నా ఆదివారం నా చేతిలో ఉండేది బొరిగో కత్తో గాని సుద్దముక్క కాదు.

మొన్నటి చైత్రంలో నాలుగో తరగతి గుంటడొకడు బడి వెనక కూర్చుని పచ్చి మామిడికాయ ఉప్పు రాసుకుని తిన్నాడు. అప్పటికి మా ఊళ్లో మామిడికొత్త కాలేదు. దొంగ దొరికినట్టు పిల్లలంతా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పారు. వాడు ఏడవలేదు. నా ముఖంలోకి చూసి, "మాస్టారూ, ఇది మా తాత నాటిన చెట్టు. మా చెట్టుకాయ మేం తింటే తప్పేటి?" అన్నాడు.

కొత్త అంటే మన ఊళ్లలో పెరిగినవాళ్లకి చెప్పనక్కరలేదు. హాస్టళ్లలో పెరిగి పండగలకి మాత్రమే ఇంటికొచ్చే పిల్లల కోసం చెబుతున్నాను. సామ, కొర్ర, కంది, మామిడి, ఏది పండినా ఊరంతా కలిసి కొత్త చేసి, జన్ని దేవతకి పెట్టాకే ఇంట్లో వండుకోవాలి. అప్పటిదాకా చేలో నిలబడ్డ గింజ మన చేతిదే అయినా మన నోటిది కాదు.

నేను వాడికి టీచరు ట్రైనింగులో నేర్చిన తీరులోనే జవాబు చెప్పాను. టెంక ముదరకముందే కాయ కోసేస్తే చెట్టుకి మొలక ఉండదు, లేత గింజ కోస్తే వచ్చే ఏటికి విత్తనం ఉండదు, అందుకే పెద్దలు ఈ కట్టుబాటు పెట్టారు అన్నాను. ఇది అబద్ధం కాదు. కొన్ని ఊళ్లలో మామిడికొత్తని టెంకల పండగ అనే పిలుస్తారు. గుంటడు కాసేపు ఆలోచించి, "మరి జీడికి కొత్త లేదేటి, మాస్టారూ? జీడిపండు ఎప్పుడు రాలితే అప్పుడు తినెత్తాం కదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. బెల్లు కొట్టేశాను.

మన ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. మాఘంలో కొండచీపుర్లు కోసి కట్టలు కడతాం. ఆ వెంటనే చింతపండు రాల్చడం, పెంకు కొట్టడం, పిక్క తీయడం. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా జీడిపిక్కలు ఏరాలి. పొద్దు పొడవకముందే లేవకపోతే పిక్కలు పక్కవాడి బుట్టలోకి పోతాయని మా ఆవిడ భయం. మధ్యలో పోడు నరికి ఎండబెట్టి కాలుస్తాం. మృగశిర వాన పడగానే సామ, కొర్ర, చోళ్లు, కంది, బొబ్బర్లు చల్లుతాం. ఒకే చేలో ఇన్ని రకాలు ఎందుకంటే, ఒకటి పోయినా ఒకటి నిలుస్తుందని. ఆషాఢ శ్రావణాల్లో నడుం ఎత్తకుండా కలుపు. గాదె ఖాళీ అయ్యేదీ ఆ రోజుల్లోనే. భాద్రపదానికి సామ చేతికొస్తుంది, తర్వాత కొర్ర, తర్వాత చోళ్లు. మంచె మీద పడుకుని పందుల్ని తోలుతూ రాత్రులు గడుస్తాయి. కంది అన్నిటికన్నా ఆలస్యం, పుష్యానికి గాని ముదరదు. ఈ పనులన్నిటి మధ్యా కణుపుల్లా కొత్తలు వస్తాయి. వెదురుకి కణుపు లేకపోతే నిలబడదు గదా. ఆ రోజులు లేకపోతే మాకు ఏడాదంతా ఒకటే చాకిరీగా ఉండేది.

విత్తనం ముదరాలన్న కారణం ఒక్కటే అయితే నా కంది ముదిరిన రోజునే నేను తినొచ్చు. కాని తినను. ఎండ బాగా తగిలే వాలులో ఉంది కాబట్టి నా చేను ముందు పండుతుంది. లోయలోని పిన్ని చేను పదిరోజులు వెనక. ఆమెకి ఎడ్లు లేవు, చెయ్యందించే మగదిక్కు లేదు. అందరి చేలూ దున్నడం అయ్యాకే ఆమె చేలోకి ఎడ్లు వెళతాయి. ఆమె పంట వెనకబడడం ఆమె తప్పు కాదు. పెద్దలు కూర్చుని కందికొత్త ఎప్పుడని మాట్లాడుకునేటప్పుడు, "లోయలో ముదిరిందా?" అని అడగడం నా చెవులారా విన్నాను. అందరికన్నా వెనకబడ్డ చేను కోసం అందరికన్నా ముందున్న చేను ఆగుతోంది. ఇది దానం కాదు. ఆమెకి నేను గింజ ఒక్కటీ ఇవ్వడం లేదు. ఆమె ఇంకా ఆకలితో చూస్తుండగా నేను నా గుమ్మంలో పచ్చి కందికాయలు ఉడకబెట్టుకోవడం లేదు, అంతే.

ఇక్కడొక మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద మనలో చాలామందికి పోడు పట్టాలొచ్చాయి. ఆలుమగలిద్దరి పేర్లూ వేసి ఇచ్చారు. ఆ భూమి పిల్లలకి వస్తుంది గాని అమ్మడానికి లేదు. నీదే గాని అంతా నీది కాదు అని చట్టమే అంటోంది. దాన్ని మూఢనమ్మకం అని ఎవరూ అనరు. భూమి ఎవరిదో పట్టా చెబుతుంది. గింజ ఎప్పుడు మనదవుతుందో చెప్పేది కొత్త. రెండో మాట మొదటిదానికన్నా పాతది.

అలాగని ఈ కట్టుబాటులో ముల్లు లేదని నేను అనను. గాదెలో పాత గింజ ఉన్నవాడికి ఆగడం తేలిక. లేనివాడికి ఆ పదిరోజులే గండం. ఓపిక కూడా కడుపు నిండినవాడి సొమ్మేనేమో అని నాకు చాలాసార్లు అనిపించింది. 2001లో మన పక్కనే, ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఆదివాసీలు వానాకాలపు కరువులో మామిడి టెంకల జావ తాగి చనిపోయారు. టెంక పిండి మనమూ తిన్నవాళ్లమే. ఆకలి నెలల్లో మనిషి దేన్ని ముట్టుకుంటాడో చూసినవాళ్లెవరూ "కొత్త అయ్యేదాకా ఆగు" అనే మాట తేలిగ్గా అనలేరు.

నైజీరియా రచయిత చినువా అచెబె 1964లో రాసిన 'ఆరో ఆఫ్ గాడ్' అనే నవల ఉంది. అక్కడ మన కందిలాగే కొత్త పెండలం. పూజారి పండగ ప్రకటిస్తేగాని ఎవరూ తవ్వకూడదు. తెల్ల అధికారి నిర్బంధించడం వల్ల ఆ పూజారి లెక్క తప్పుతుంది. తిరిగొచ్చాక ఊరిమీది కోపమూ దేవుడి ఆజ్ఞా కలిసిపోయి, పండగ చాటనంటాడు. దుంపలు నేలలోనే పాడవుతుంటాయి, జనం పస్తులుంటారు. చివరికి తమ దేవుడికి కానుక ఇచ్చి కోసుకోండని చర్చి వాళ్లంటే జనం అటు వెళ్లిపోతారు. ఆఫ్రికాలో ఎక్కడో ఉన్న మనిషి మా ఊరి రచ్చబండ గురించి ఎలా రాశాడా అనిపించింది. కట్టుబాటు ఒక్కడి చేతిలో పడితే అది ఊరిని కాపాడదు, ఊరినే తింటుంది. మా ఊళ్లో రోజు పెట్టేది జన్ని ఒక్కడే కాదు, పదిమంది. పైగా మా మామ్మ, "పసిపిల్లకి కొత్త లేదురా" అంటూ మంచె కింద పచ్చి కాయలు కాల్చి పెట్టేది. అందరికీ తెలుసు, ఎవరూ చూడరు.

ఇక అమ్మకం సంగతి. పాతకాలంలో పండింది తినడానికే కాబట్టి "తినకూడదు" అంటే సరిపోయింది. అమ్మకూడదని చెప్పే పని పడలేదు. షావుకార్లు కొండెక్కాక లెక్క మారింది. ఉప్పుకీ, గుడ్డకీ, పెళ్లికీ అప్పిచ్చి, పంట చేలో ఉండగానే రాయించుకున్నారు. అలాంటి గింజ కొత్త నాటికి మన ఇంట్లో ఉండేది కాదు, కోయకముందే వాళ్ల కొట్టుకి చేరినట్టే. శ్రీకాకుళం కొండల్లో గిరిజన సంఘం లేచింది ఆ అప్పుల మీదా, పోయిన భూముల మీదా. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల తుపాకీకి కోరన్న, మంగన్న బలయ్యారు. ఆ తర్వాతి దారి గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. నేను చెప్పేది ఒక్కటే. మన గింజకీ మన నోటికీ మధ్య రెండు రకాల ఆగడాలున్నాయి. ఒకటి పక్కింటివాళ్ల కోసం ఆగడం, రెండోది అప్పు తీరేదాకా ఆగడం.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

నేను ట్రైనింగులో ఉన్న రోజుల్లో పుష్యమాసంలో ఫీజు కట్టమన్నారు. గడువు వారం. ఇంట్లో చీపుర్లు అప్పటికి కోయలేదు, చింతపండు రాల్చలేదు. కంది ఒక్కటే చేలో ఉంది. కొత్త అవలేదు. మా అయ్య చీకట్లో లేచి, రెండు కావిళ్ల పచ్చి కందికాయలు కోసి, మన ఊరివాళ్లు వెళ్లని దూరపు సంతకి మోసుకుపోయి అమ్మాడు. రాత్రికి నడిచి వచ్చి నా చేతిలో డబ్బు పెట్టాడు. ఎక్కడిదని నేను అడగలేదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. కొత్తలూ గిత్తలూ వెనకబాటుతనమని క్లాసులో వ్యాసం కూడా రాసి ఉన్నాను.

కందికొత్త రోజు అందరూ తలా కొంత గింజ తెచ్చి జన్ని ముందు పోశారు. అయ్యా పోశాడు. వంటయ్యాక ఊరంతా కూర్చుంది. అయ్య మాత్రం కడుపునొప్పి అని ఇంట్లో పడుకున్నాడు. మరుసటి ఏడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఏటా అందరూ కుంచెడు పోస్తే అయ్య రెండు కుంచాలు పోసేవాడు, తినేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టాక ఒకరోజు చీపుర్లు కడుతూ అమ్మ అసలు సంగతి చెప్పింది.

అయ్య చేసింది తప్పా? నేను చాలాకాలం తప్పు కాదనే అనుకున్నాను. కొడుకు చదువు, సొంత చేను, ఎవరి గింజా ముట్టలేదు. ఇప్పుడు నా ఆలోచన మారింది. అది తప్పే. లోయలో పిన్ని ఆగిన పదిరోజులూ మేమూ ఆగుతున్నట్టు నటించాం. నేను ఆయన చోట ఉన్నా అదే పని చేసేవాణ్ణి, అదీ నిజమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చునని ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. మా ఇద్దరికీ తేడా ఒకటుంది. ఆయన తప్పు చేసి దాన్ని అప్పుగా రాసుకున్నాడు. నేను తప్పు చేయకుండానే ఆ లెక్క పుస్తకమే అక్కర్లేదన్నాను. జన్నికి తెలుసో లేదో నాకు తెలియదు. అయ్య పోసిన రెండో కుంచం గురించి ఆయన ఎన్నడూ అడగలేదు, వద్దనీ అనలేదు.

జీడి మాటకొస్తే, అది బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చిన చెట్టు. మన దేవతలకి దాని పేరు తెలిసేలోపే బజారుకి తెలిసిపోయింది. కొత్తగా వచ్చింది కాబట్టి కొత్త లేదు అని గుంటడికి చెప్పొచ్చు. కాని చెప్పలేకపోతున్నాను. జీడి దగ్గర మేం ఎవరికోసం ఆగుతున్నాం? ఎవడి చెట్టు వాడిది, ఎవడి బస్తా వాడిది, వర్తకుడి ఆటో వచ్చిన పూట ఎంతంటే అంతకి పోసేస్తాం. పిన్నికీ ఆరు జీడిచెట్లున్నాయి. ఆవిడ పిక్కలు నా పిక్కల కన్నా తక్కువ ధరకి పోతాయి, ఎందుకంటే ఆవిడ కాటా దగ్గర గొడవ పెట్టుకోలేదు. నేను పక్కనే నిలబడి ఉంటాను.

మొన్న వేసవి సెలవుల ముందు గుంటడు మళ్లీ అడిగాడు. ఈసారి బెల్లు కొట్టలేదు. "సాయంత్రం ఆటో వస్తుంది, నాతో రా" అన్నాను. ఇద్దరం వెళ్లి పిన్ని బస్తా పక్కన నిలబడ్డాం. కాటా మీద ముల్లు ఎక్కడ ఆగిందో వాడు పైకి చదివాడు.