పసిబిడ్డ పడక యొద్ద పాట

ఆసుపత్రిలోని పిల్లల వార్డులో సంగీతము వినిపించు వాడుక నేడు అనేక దేశములలో కలదు. సూది గుచ్చుటకు ముందును, ఆపరేషన్ గదికి తీసికొనిపోవు వేళను, నిద్రపట్టని రాత్రులయందును పాట బిడ్డ భయమును తగ్గించునని వైద్యులు దానిని ఆదరించుచున్నారు. ఇది మంచి పనియేనని ఎల్లరును ఒప్పుకొందురు. అయితే ఈ మంచి పనియందు ఒక ప్రశ్న దాగియున్నది. భయపడుచున్న బిడ్డకు పాడు పాట ఓదార్పా, ఏమార్పా? అది బిడ్డ నెమ్మది కొరకా, లేక బిడ్డ ఏడ్పు వినలేని పెద్దల నెమ్మది కొరకా?

పరిశుద్ధ గ్రంథము సంగీతమును గూర్చి ఒక్క మాటతో సరిపెట్టుట లేదు. దావీదు సితారా వాయింపగా సౌలు సేదదీరెనని సమూయేలు మొదటి గ్రంథము 16వ అధ్యాయమున కలదు. ఈ వృత్తాంతము అందరికిని తెలిసినదే. అయితే అదే గ్రంథము 18, 19 అధ్యాయములలో అదే దావీదు వాయించుచుండగా అదే సౌలు ఈటె విసరెను. వాయించు చేయి మారలేదు. వినిన హృదయము మారినది. సామెతలు 25:20లో జ్ఞాని మరింత కఠినముగా పలికెను. దుఃఖములో నున్నవానికి పాటలు వినిపించువానిని, చలిలో ఒకని పైబట్ట లాగివేయువానితో అతడు పోల్చెను. కాబట్టి పాడుట దానంతటదే సత్క్రియ కాదు. ఎవరికి, ఎప్పుడు, ఏల పాడుచున్నారను దానినిబట్టి అది మేలో కీడో అగును.

ఆసుపత్రిలో బిడ్డ భయము కారణము లేని భయము కాదు. చోటు క్రొత్తది, ముఖములు క్రొత్తవి, నొప్పి నిజమైనది. 1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, చిన్న ఆపరేషన్ కొరకు ఎనిమిది దినములు తల్లికి దూరముగా ఆసుపత్రిలో నున్న రెండేండ్ల పాపను గూర్చి ఒక చలనచిత్రము తీసెను. ఆ పాప పెద్దగా ఏడ్వలేదు. ఏడ్పును అణచుకొనుటకు పెనుగులాడెను. ఏడ్వని బిడ్డ కుదుటపడిన బిడ్డయని ఆ కాలపు పెద్దలు తలంచెడివారు. ఆ తలంపు సరికాదని ఆ చిత్రము చూపెను. 1959లో ఆ దేశపు ప్లాట్ కమిటీ, తలిదండ్రులు తమ బిడ్డను చూచుటకు ఆటంకము ఉండరాదని సిఫారసు చేసెను. నిశ్శబ్దము వేరు, సమాధానము వేరు. బిడ్డ నోరు మూయించుట మాత్రమే పాట ఉద్దేశమైనయెడల, అది చలిలో వస్త్రము లాగుటయే.

సంగీతము చేయగలిగిన దానికి హద్దులును కలవు. 2004లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఆపరేషనుకు వచ్చిన 123 మంది పిల్లలను వైద్యులు పరిశీలించిరి. తలిదండ్రులను విడుచు వేళను, గదిలో ప్రవేశించు వేళను పాట కొంత సాయపడెను. అయితే ఆ సాయము ఎవరు పాడిరను దానినిబట్టి యుండెను. మత్తు ఇచ్చు గడియలో మాత్రము పాట చాలలేదు. భయము తగ్గించు మందే మేలుగా పనిచేసెను. ఇందు రెండు పాఠములు కలవు. పాట యున్నది గదా యని బిడ్డకు రావలసిన మందును తగ్గించుట న్యాయము కాదు. పాటకంటె పాడు మనిషి ముఖ్యము.

2013లో ప్రకటింపబడిన వేరొక పరిశోధన ఈ రెండవ పాఠమును బలపరచుచున్నది. అమెరికాలోని 11 ఆసుపత్రులలో, నెలలు నిండక పుట్టిన 272 మంది శిశువుల నడుమ అది జరిగెను. తలిదండ్రులు తమకు ప్రియమైన పాటను ఎన్నుకొనగా, దానిని జోలపాటగా మార్చి శిశువునకు వినిపించిరి. శిశువుల గుండె వేగము తగ్గెను. తలిదండ్రుల ఆందోళనయు తగ్గెను. తెలుగు తల్లికి ఇది వింత కాదు. ఊయల యొద్ద అమ్మమ్మ పాడిన లాలియు, కుటుంబ ప్రార్థనలో నాన్న ఎత్తుకొను కీర్తనయు బిడ్డకు ఇంటి గుర్తులు. శ్రుతి తప్పినను ఆ గొంతు బిడ్డ ఎరిగిన గొంతు. చేతిలో ఫోను పెట్టి పెద్దలు లేచిపోయిన చోట పాట వినబడును గాని తోడు ఉండదు.

సత్యము మాట యేమి? నొప్పి ఉండదని చెప్పి, పాటలో మైమరపించి, హఠాత్తుగా సూది గుచ్చినయెడల, బిడ్డ ఆ సూదినే గాక ఆ పాటను కూడ నమ్మదు. సూది కొంచెము నొప్పించునని, అమ్మ ప్రక్కనే యుండునని ముందు చెప్పి, పిమ్మట పాడవలెను. అప్పుడు పాట అబద్ధమునకు ముసుగు కాక, సత్యమును భరించుటకు ఊతకర్ర యగును.

బిడ్డ ఇష్టమును సైతము ఎంచవలెను. మందు వద్దన్నను మ్రింగింతురు, కట్టు వద్దన్నను కట్టుదురు. వద్దనగానే ఆగగలిగినది ఆ వార్డులో పాట యొక్కటే. ఆ స్వాతంత్ర్యమును బిడ్డకు మిగుల్చుట దయ. క్రిస్మస్ దినములలో ఆసుపత్రులకు వెళ్లు పాటల బృందములు దీనిని ఎక్కువగా తలంపవలెను. ఒక పడక మీది బిడ్డ అప్పుడే కన్ను మూసియుండవచ్చును. ప్రక్క పడక వారు అన్య మతస్థులు కావచ్చును. వారు లేచి వెడలిపోలేరు. డోలకు చప్పుడు సువార్త కాదు. అనవసరమైన శబ్దము రోగికి హాని చేయునని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే తన నర్సింగు పుస్తకమున హెచ్చరించెను. ముందు అడుగుటయు, మెల్లగా పాడుటయు ప్రేమలోని భాగములే.

జబ్బు నయము కానప్పుడు పాట వలన ప్రయోజనమేమని కొందరడుగవచ్చును. ఫిలిప్పీ చెరసాలలో పౌలును సీలయు పాడినది సంకెళ్లు ఊడిన పిమ్మట కాదు. కాళ్లు బొండలో బిగింపబడియున్న మధ్యరాత్రియందు. విడుదల వచ్చునని ఎవరును వారికి మాట యియ్యలేదు. ఆ పాట విలువ భూకంపము మీద ఆధారపడలేదు. ఆ చీకటిలో వారిద్దరును ఒంటరివారు కారని అది తెలిపెను. తక్కిన ఖైదీలును వినుచుండిరి.

ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనెనని మార్కు సువార్త 10:16 తెలుపుచున్నది. వార్డులో కొన్ని దినములు తల్లి అట్లు చేయలేదు. సెలైను గొట్టములును, కుట్లును, కట్లును అడ్డుపడును. చేతులు చేయలేని ఆ పనిని అప్పుడు గొంతు చేయును. కౌగిలి బిడ్డను మోసగింపదు, బలవంతపెట్టదు, తొందరగా విడువదు. పాటయు అట్లే యుండవలెను. అది ముగియగానే పాడినవారు లేచిపోక, ఆ పడక యొద్ద మరికొంతసేపు కూర్చుండవలెను.