ర్యాంకు ప్రమాణం కాగలదా?

గౌతముడి న్యాయసూత్రాలు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పాయి: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహంలో వీటిని కొత్తగా చదువుకునేవారికి సులువుగా వివరించాడు. కాలేజీ ర్యాంకు వీటిలో శబ్దం కిందికి వస్తుంది. స్వయంగా చూడని విషయాన్ని మరొకరి మాట మీద ఒప్పుకోవడమే శబ్దం. ఆ మాటను ఎంతవరకు నమ్మాలన్నదే ప్రశ్న.

చౌటుప్పల్ వంటి పట్టణంలో ఈ ప్రశ్న ఏటా ఇంటింటా ఎదురవుతుంది. ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఎప్‌సెట్ రాసిన విద్యార్థి వెబ్ ఆప్షన్లలో కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ జతలను ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటూ పోవాలి. కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) పక్కనే ఏఐ–ఎంఎల్, డేటా సైన్స్ కూడా ఉంటాయి. సీటు కేటాయింపు ఆ వరుసనే పాటిస్తుంది కాబట్టి, ఏది పైన పెట్టారన్నది నాలుగేళ్ల చదువును తేల్చేస్తుంది. ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్‌లో చేరుతున్న పిల్లకు ఆధారాలు మూడే: కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితా, గత ఏడాది సీటు దక్కిన చివరి ర్యాంకుల పట్టిక, ప్లేస్‌మెంట్ ప్రకటనలు.

మొదటి పరీక్ష చెప్పేవాడిది. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. అంటే విషయం ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పేవాడై ఉండాలి. కేంద్రం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ అవకాశానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 శాతం విలువ ఉంది. లెక్కల్లో చాలాభాగం కాలేజీలు ఇచ్చుకున్నవే. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన లెక్కలు సరిగా లేవని అక్కడి గణితాచార్యుడు మైకేల్ థడియస్ 2022లో బయటపెట్టాక, ఆ సంస్థ ఒక జాబితాలో 2వ స్థానం నుంచి 18కి పడిపోయింది. ర్యాంకు ఇచ్చేవారితో పాటు లెక్కలు ఇచ్చేవారి ఆప్తత్వాన్నీ పరీక్షించాలి.

రెండో పరీక్ష విషయానిది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్ మొత్తాన్ని కలిపి తూస్తుంది. కంప్యూటర్ సైన్స్‌కు విడిగా ర్యాంకు ఇవ్వదు. 2023లో ఐఐటీ హైదరాబాద్‌కు 8, వరంగల్ ఎన్‌ఐటీకి 21, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు 55వ ర్యాంకు వచ్చాయి. ఎంచుకున్న సదస్సుల్లో అధ్యాపకులు ప్రచురించిన పత్రాలను లెక్కించే సీఎస్‌ర్యాంకింగ్స్‌లో మాత్రం అదే ట్రిపుల్ ఐటీ దేశంలో ముందువరుసలో ఉంటుంది. ఒక హేతువు ఒక నిర్ణయానికి, మరో హేతువు ఎదురు నిర్ణయానికి లాగితే నైయాయికులు దాన్ని సత్ప్రతిపక్షం అన్నారు. ఇక్కడ చిక్కు విడదీయడం కష్టం కాదు: రెండు జాబితాలూ వేర్వేరు సంగతులను కొలుస్తున్నాయి. బీటెక్ క్లాసులో పాఠం ఎలా సాగుతుందో రెండూ నేరుగా చెప్పవు.

మూడోది అనుమానం, అంటే ఒక గుర్తును బట్టి మరోదాన్ని నిర్ధారించడం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పు; ఎర్రగా కాలిన ఇనుపగుండుకు పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చికట్టె కూడా ఉండాలి. ఇలా దాగి ఉన్న షరతునే ఉపాధి అంటారు. 'ఉద్యోగాలు బాగా వచ్చాయి కాబట్టి బోధన బాగుంది' అనే వాదంలోనూ ఉపాధి ఉంది: చేరేనాటికే విద్యార్థికున్న సత్తా. చివరి ర్యాంకుల పట్టికలో అన్యోన్యాశ్రయ దోషం కనిపిస్తుంది. మంచి ర్యాంకర్లు చేరుతున్నారు కాబట్టి కాలేజీ మంచిది, మంచి కాలేజీ కాబట్టి మంచి ర్యాంకర్లు చేరుతున్నారు. ఈ చక్రంలో బోధన ప్రస్తావనే లేదు.

అందుచేత శబ్దాన్ని ప్రత్యక్షంతో సరిచూసుకోవాలి. పనిదినాన ల్యాబ్‌లో పిల్లలు ప్రోగ్రామ్ సొంతంగా రాస్తున్నారా, రికార్డు చూసి ఎక్కిస్తున్నారా? పాఠం చెప్పేవారు ఏళ్ల తరబడి ఉంటున్నారా, ఏటా మారుతున్నారా? న్యాక్ గుర్తింపు సంస్థకు, ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకు ఇస్తారు. సీఎస్‌ఈకి ఎన్‌బీఏ ఉందా? ప్యాకేజీల్లో అత్యధికం ఒక్కరికి దక్కినది, మధ్యగతం (మీడియన్) తరగతి స్థితిని చెప్పేది. ప్రకటనలో ఉన్నది ఏది?

ర్యాంకు పరీక్షించవలసిన సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. చౌటుప్పల్ నుంచి హైదరాబాద్ సుమారు 50 కిలోమీటర్లే. ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు తల్లిదండ్రులు పిల్లను వెంటబెట్టుకుని కనీసం రెండు కాలేజీలు చూసి, అక్కడి మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడాలి.