మౌనము నేరమగునా?

“మౌనము అర్ధాంగీకారము” అను సామెత మన యిండ్లలో తరచుగ వినబడును. పెండ్లిమాటలయందు అది చెల్లునేమో కాని న్యాయస్థానమునందు చెల్లదు. నేరము మోపబడినవానిని తనకు విరుద్ధముగ తానే సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదని, 1950 జనవరి 26 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము 20వ అధికరణమున శాసించుచున్నది.

సత్యప్రియులు కొందరు దీని నాక్షేపింతురు. సత్యమే పరమధర్మమని పిల్లలకు బోధించుచు, దోషికి నోరు మూసికొను హక్కునిచ్చుట యెట్లు పొసగును? నిరపరాధికి భయమేల? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఈ హక్కు చాటున దోషులు కొందరు తప్పించుకొనవచ్చును. వారివలన చెడినవారి దుఃఖమును నిజమైనదే.

అయినను బలవంతమున పలికించిన మాట సత్యమని యెట్లు నమ్మగలము? బాధకు తాళలేనివాడు, అడుగువాడు కోరినదే పలుకును. ఇది మన దేశమునకు క్రొత్త సంగతి కాదు. తెలుగు జిల్లాలును చేరియున్న చెన్నపురి రాజధానిలో, పన్ను రాబట్టుటకును నేరము నొప్పించుటకును ఉద్యోగులు జనులను హింసించుట వాస్తవమేయని 1855లో ప్రభుత్వము నియమించిన సంఘమే తేల్చెను. కిట్టితో చేతులు నొక్కుట, తలను కాళ్లవైపు వంచి కట్టుట మున్నగు పద్ధతులు ఆ నివేదికయందు కలవు. తరువాత 1872 నాటి సాక్ష్యచట్టము, పోలీసు ఉద్యోగికి చేసిన నేరాంగీకారము ముద్దాయికి విరుద్ధముగ చెల్లదనెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ నియమమును విడువలేదు.

హింస లేకున్న చాలునా? చాలదని మా యభిప్రాయము. వ్రేలిముద్రలు తీసికొనుట ఈ నిషేధమునకు లోబడదని 1961లో సుప్రీంకోర్టు చెప్పెను. కాని మత్తుమందిచ్చి మాటాడించు నార్కో పరీక్షను, పాలిగ్రాఫు పరీక్షను సమ్మతి లేక జరుపరాదని 2010లో సెల్వి కేసున తీర్పునిచ్చెను. ఈ భేదము యుక్తమైనది. వ్రేలిముద్ర దేహమునకు చెందినది. మాట మనస్సునకు చెందినది. హరిశ్చంద్రుడు అబద్ధమాడ వీలుండియు ఆడలేదు గనుకనే అతని సత్యమునకు విలువ కలిగెను. మత్తులో జారిన మాటకు ఆ విలువ యెక్కడిది?

పాపమును తానై వెల్లడించిన కొంత తొలగునని మనుస్మృతియు చెప్పుచున్నది. కావున దోషి మౌనము ధర్మమని మే మనము. ఒప్పుకొనుట అతడు తన మనస్సాక్షికి చెల్లింపవలసిన ఋణము. దానిని రాజ్యము జప్తు చేయరాదు. ఆధారములు వెదకు శ్రమ రాజ్యమునదే. ఒప్పుకోలు సులభముగ దొరకునన్నచో ఆ శ్రమకు పూనుకొనువా రెవరు?

చట్టము మారినను మన మాట మారలేదు. దొంగతనము జరిగినప్పుడు “నాలుగు తగిలించిన నిజము కక్కును” అని చదువుకొన్నవారును అనుచునే యున్నారు. ఆ నాలుగు దెబ్బలు సాధారణముగ ప్లీడరును పెట్టుకొనలేని బీదవాని వీపుననే పడును. ఆ మాటను ముందుగ మన యింటనే మానుదము.